సైకిల్ గ్రిప్పు బ్రష్షు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కుష్ఠు నయమయ్యాక కూడా వంకరగానే ఉండిపోయిన నీ వేళ్లకు పట్టు దొరకాలని పళ్ల బ్రష్షుకు సైకిల్ గ్రిప్పు తొడిగావు. తోముకుంటూ "ట్రింగ్ ట్రింగ్" అని నన్ను నవ్వించేవాడివి.

ఇక్కడ అరబ్బు దేశంలో, ఘుబ్రాలో నేను పనిచేసే ఇంటి ముసలమ్మకూ పక్షవాతంతో వేళ్లు ముడుచుకుపోయాయి. అలాంటి బ్రష్షే చేసిచ్చాను, ట్రింగ్ ట్రింగ్‌తో సహా.

ఇవాళ ముసలమ్మను చూడ్డానికి ఇంటికొచ్చిన పళ్ల డాక్టరమ్మ, మన తెలుగావిడే, దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ కంపెనీదమ్మా?" అంది.

నీ జబ్బు పేరు పెళ్లిచూపుల్లో కూడా దాచిన నేను, పని పోతే పోనీ అని చెప్పేశాను.

"మా నాయన కంపెనీ మేడం. కుష్టు నయమైనా వేళ్లు వంగే ఉండె. పండ్లు మాత్రం ముప్పై రెండూ గట్టిగ ఉండె."

డాక్టరమ్మ అదంతా ముసలమ్మకు అరబ్బీలో చెప్పింది. ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకోబోయాను.

ముసలమ్మ బ్రష్షు లాక్కుని, నోరంతా తెరిచి, "ట్రింగ్ ట్రింగ్" అంది.