చర్మం చాలదన్నారు

ప్రియమైన నాన్నా,

మీ ఓడ ఈ వారం ఏ రేవులో ఉందో తెలీదు, అందుకే కంపెనీ చిరునామాకి రాస్తున్నాను. ఆ వంటగది వేడిలో నీళ్లన్నా తాగుతున్నావా?

ఇవాళ సర్జన్‌ని కలిశాను. ఆపరేషన్ చేస్తానంది, కానీ ఒక చిక్కుంది. మామూలుగా యోని లోపలి గోడని పుట్టుకతో ఉన్న మగ అవయవం చర్మంతోనే కడతారట. నేను మగపిల్లాడిలా ఎదగకుండా పద్నాలుగో ఏటే మందులు మొదలుపెట్టాం కదా, దాంతో అక్కడ చర్మమూ పెరగలేదు. కొలిచి చూసి, "సగానికి కూడా రాదమ్మా" అంది.

మూడు దారులు చెప్పింది. నడుం పక్కన చర్మం తీయడం, పేగు ముక్క వాడటం, లేదంటే కడుపు లోపలి గోడకుండే పల్చటి పొరని కిందికి లాగి కుట్టడం. ఆలోచించుకుని రమ్మంది. భయంగా ఉంది నాన్నా.

నీ చిట్టి

*

బంగారు చిట్టికి,

నీ ఉత్తరం చదివి కూరలో రెండుసార్లు ఉప్పేశాను. ఓడంతా నన్ను తిట్టింది.

పదేళ్లుగా ఒక మాట కడుపులో పెట్టుకున్నాను. ఆ మందుల కాగితం మీద నా సంతకం తీసుకునేముందు డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, "రేపు ఆపరేషన్ కావాలంటే చర్మం చాలకపోవచ్చు" అని. నీకు చెప్పలేదు. అప్పటికి ఆర్నెల్లుగా నువ్వు గొంతు మారిపోతుందేమోనన్న భయంతో మాట్లాడటమే మానేశావు. మళ్లీ నోరు విప్పితే చాలనుకున్నాను. తప్పు నాదే.

నా వీపు చర్మం పనికొస్తుందేమో అడుగు. ముసలిదే గానీ గట్టిది.

నాన్న

*

చిట్టీ,

మూడు రేవులు దాటాం. నాకు తప్ప అందరికీ ఉత్తరాలొచ్చాయి. కోపముంటే నాలుగు పేజీలు తిట్టు, కూర్చుని చదువుకుంటాను. మాట్లాడటం మాత్రం మానేయకు. అది ఒకసారి చూశాను, మళ్లీ చూడలేను.

నాన్న

*

ప్రియమైన నాన్నా,

కోపం కాదు. నీ ఉత్తరం అందిన మర్నాడే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఎవరి ఆపరేషనో వాయిదా పడిందట, వస్తావా అన్నారు. వెళ్లిపోయాను. నడిసముద్రంలో కంగారుపడతావని నీకు చెప్పలేదు. ఆ తర్వాత కూర్చుని రాసే ఓపిక లేకపోయింది.

కడుపులో పొరతోనే చేశారు. పొట్టమీద నాలుగు చిన్న గాట్లు, అంతే. లోతు తగ్గకుండా రోజుకి మూడుసార్లు కడ్డీలాంటి సాధనం లోపల పెట్టుకుని కాసేపు పడుకోవాలి. విసుగే, అయినా మానను. నీ వీపు సంగతి కూడా సర్జన్ని అడిగాను. "ఇంకొకరి చర్మాన్ని ఒళ్లు ఉండనివ్వదమ్మా" అని నవ్వింది. తర్వాత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఇప్పుడు నా సంగతి విను. సంతకం రోజు నువ్వు పెన్ను కోసం బయటికెళ్లినప్పుడు, ఆర్నెల్ల తర్వాత నోరు విప్పి డాక్టర్ని నేనే గుసగుసగా అడిగాను, ముందుముందు ఏమన్నా ఇబ్బందా అని. చర్మం సంగతి నాకూ చెప్పాడు. నీకు తెలిస్తే సంతకం పెట్టవేమోనని నేను నోరెత్తలేదు. ఇద్దరం ఒకే మాటని పదేళ్లు ఒకరికి తెలీకుండా ఒకరం దాచుకున్నాం!

తెలిసే ఒప్పుకున్నాను నాన్నా. నేను నేనుగా పెరిగిన ఆ ఏళ్లు ఇచ్చేస్తే బదులుగా జానెడు చర్మమిస్తామని ఎవరన్నా ఇప్పుడొచ్చి అడిగినా వద్దంటాను.

నిన్న వీధి చివర మందుల షాపుదాకా ఒక్కదాన్నే నడిచి వెళ్లొచ్చాను. నువ్వు ఓడ దిగే రోజుకి రేవుకే వస్తాను. చూడగానే ఎత్తుకుని గిరగిరా తిప్పేయకు, ఇంకో నెల ఆగమన్నారు.

నీ కూతురు