కాళియాతో తగువు

వాటర్‌ఫోర్డ్,
26 ఏప్రిల్ 2020

ప్రియమైన ప్రభా,

మీ దేశానికీ మా దేశానికీ మధ్య పోస్టు ఆగిపోయిందట. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. డ్యూటీ అయి మాస్కు తీసేసరికి నా నోట మాట మిగలడం లేదే. రాస్తుంటే మాత్రం ఇచ్ఛాపురం బడిలో నీ పక్కన బెంచీ మీద కూర్చున్నట్టుంది. మా ఆయన టైటస్, పిల్లలు బాగున్నారు.

నాకు నీ ఒడియా కావాలి. నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమంలో డాక్టర్ బనమాలి రథ్ అని ఒకాయన ఉన్నారు. యాభై ఏళ్ల కిందట కటక్ నుంచి వచ్చి ఇక్కడే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఐరిష్ భార్య పోయింది. ఒక్కతే కూతురు, నోరా, డబ్లిన్ అవతల టాలట్‌లో ఉంటుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకి ఇంగ్లీషు దాదాపు పోయింది. లాక్‌డౌన్ పెట్టి సందర్శకుల్ని ఆపేశాక ఆ మిగిలిన నాలుగు మాటలూ పోయాయి.

కానీ రోజూ ఎవరినో పేరు పెట్టి పిలుస్తారు. బతిమాలుతారు, కోప్పడతారు, ఏడుస్తారు. మా వాళ్లకి అది 'కెల్లీ' అని వినబడింది. ఒకమ్మాయి నోరాకి ఫోన్‌లో ఆ మాట చెప్పేసింది.

"కెల్లీ ఎవరు? మా అమ్మ పేరు బ్రిడ్జెట్. మా చుట్టాల్లో ఏ కెల్లీ లేదే" అంది నోరా. అప్పటిదాకా పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి ఫోన్ చేసేది. నాలుగు రోజులు అదే పేరు విన్నాక, "ఆయనకి కావలసింది కెల్లీ అయితే, ఆ కెల్లీనే ఫోన్ చేయమనండి" అని పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు.

నిన్న నేను దగ్గర కూర్చుని విన్నాను. అది కెల్లీ కాదు, 'కాళియా'. ఆ పేరుతో నాకు తెలిసినవాడు మన ఊరి స్టేషన్ దగ్గర రిక్షా తొక్కే కాళియా ఒక్కడే! పైగా ఆయనది మామూలు మాట కాదు, లయ ఉంది. ఒక్కో ముక్కా తాళం వేసినట్టు తెగుతుంది. చెవికందిన నాలుగు ముక్కలు తెలుగు లిపిలో కింద రాశాను. ఎవరే ఈ కాళియా?

నీ
అబిగేయిల్


బరంపురం,
9 మే 2020

ప్రియమైన అబీ,

నువ్వు రాసింది చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఒసే, కాళియా అంటే నల్లనివాడు. పూరీ జగన్నాథుడు! ఒడియా వాళ్లు ఆయన్ని స్వామీ, ప్రభూ అనడం తక్కువ. ఇంట్లో మొండిపిల్లాడిని పిలిచినట్టు కాళియా అంటారు, గుండ్రని కళ్లవాడా అంటారు. మా అమ్మ పాలు విరిగినా ఆయన్నే తిట్టేది.

ఆ తిట్టుకీ సాహిత్యంలో చోటుంది. జణాణ అంటారు. భక్తుడు దేవుడి ముందు నిలబడి పెట్టుకునే మొర. మొర అన్నానని చేతులు కట్టుకుని అడిగేదనుకోకు. 'ఏనుగు పిలిస్తే పరుగెత్తావు, నేను పిలిస్తే చెవుడా?' అన్న తీరులో ఉంటుంది. వందల ఏళ్లుగా రాజులూ పాడారు, కూలీలూ పాడారు.

నీ నాలుగు ముక్కల్లో ఇంకో సంగతి చూశాను. మొదటిది క, తర్వాత ఖ, గ, ఘ. అంటే ఇది చౌతీసా. క నుంచి క్ష దాకా ముప్పై నాలుగు హల్లులు, ఒక్కో చరణం ఒక్కో అక్షరంతో వరసగా మొదలవ్వాలి. పాత ఒడియా కవులకి ఆ కట్టుబాటంటే ప్రాణం. మీ డాక్టరుగారు చిన్నప్పుడు వల్లె వేసినదేదో ఇంగ్లీషు కింది నుంచి పైకి తేలినట్టుంది. ఏ పాటో కనిపెట్టాలని నాకు నిద్రపట్టడం లేదు. కూతుర్ని అడిగి రికార్డు చేసి పంపగలవా?

మా బడి ఇప్పుడు క్వారంటైన్ కేంద్రం. సూరత్ మిల్లుల నుంచి వచ్చిన మనుషులు తరగతి గదుల్లో ఉన్నారు. పంతుళ్లందరికీ అక్కడే డ్యూటీ. జాగ్రత్త తల్లీ.

నీ
ప్రభావతి


వాటర్‌ఫోర్డ్,
4 జూన్ 2020

ప్రియమైన ప్రభా,

నోరాకి ఫోన్ చేసి కాళియా అంటే ఎవరో చెప్పాను. కెల్లీ కాదా, దేవుడా అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "మా నాన్న నలభై ఏళ్లు ప్రతి ఆదివారం మాతో చర్చికి వచ్చాడు. నాకు ఆయన భాషలో అంకెలు కూడా నేర్పలేదు. ఇంట్లో ఇంకొకరున్నారని నాకెవరూ చెప్పలేదు" అంది. కోపం తగ్గినట్టు లేదు. కెల్లీ మీద నుంచి దేవుడి మీదికి మారిందంతే. కానీ రికార్డు చేసుకోమంది. దీంతో పంపుతున్నాను. ఎప్పుడు మొదలుపెట్టినా ఒకే చోట ఆగిపోయి, కిటికీ వైపు చూసి కళ్లు తుడుచుకుంటారు. విను.

ఇంతలో ఇంకో కష్టం. ఆయనకి కోవిడ్ వచ్చింది. వేరే గదిలో పెట్టాం. మూడు పొరల బట్టల్లో మేం లోపలికి వెళితే భయపడి పళ్లు బిగించేస్తున్నారు. నీళ్లు కూడా తాగడం లేదు. జీపీ, అంటే మా ఆశ్రమాన్ని చూసే డాక్టరు, వచ్చి చూసి, నీళ్లు లోపలికి పోకపోతే కష్టమన్నాడు. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ ఒక్క తెలిసిన గొంతూ ఉండదు. నాలుగు మాటలు నేర్పు. త్వరగా.

నీ
అబి


బరంపురం,
5 జూన్ 2020

అబీ,

ఈరోజు ఏం రోజో తెలుసా? పూరీలో స్నాన పూర్ణిమ. నూట ఎనిమిది కుండల నీళ్లతో స్నానం చేసి జగన్నాథుడికి జ్వరం వస్తుంది. నిజంగానే, రాత్రి నుంచి పదిహేను రోజులు ఆయన్ని వేరే గదిలో పెడతారు. ఎవరికీ దర్శనం లేదు. కషాయాలు, పళ్లరసాలు ఇస్తారు. అణసర అంటారు దాన్ని. రేపటి నుంచి మా బడిలో సూరత్ మనుషులు గది దాటి పోతామని గోల చేస్తే, "కాళియా కూడా లోపలే ఉన్నాడు కదయ్యా, నీకేటి తొందర?" అంటాను. ఊరుకుంటారు.

ఆయన్ని డాక్టరు అనకు, మౌసా అను. పెద్దనాన్నలాంటి పిలుపు. గ్లాసు చేత్తో పట్టుకుని, "మౌసా, అణసర. కాళియా పిఇలేణి" అను. కాళియా తాగేశాడు అని అర్థం. ఆ తర్వాత గ్లాసు అందించు.

నువ్వు ప్రార్థన చేసుకునేదానివి, ఆ పేరు పలకడానికి నీకు ఇబ్బందేమో. అలా అయితే నా గొంతుతో అన్న ముక్క పంపుతున్నాను, అది వినిపించు.

ప్రభ


బరంపురం,
24 జూన్ 2020

ప్రియమైన అబీ,

ఇరవై రోజులైంది. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. టైటస్ అన్నయ్య "పర్లేదు" అని ఒక్క మాట పెట్టాడు. ఎవరికి పర్లేదో చెప్పలేదు. నువ్వు చదువుతావనే రాస్తున్నాను.

రికార్డింగు గోపాలరావు మాస్టారికి వినిపించాను. ఒడియా పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, పాత పాటలన్నీ నోటికే వచ్చు. మొదట కళ్లు మూసుకుని, "ఆహా, మంచి కట్టు" అన్నారు. డ దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచారు.

"ఏమ్మా, ఇది పాతదని నీకెవరు చెప్పారు?"

"అలా అనిపించింది మాస్టారూ."

"పాత కవికి డబ్లిన్ ఎలా తెలుస్తుందమ్మా?"

మళ్లీ విన్నాం. డబ్లిన్ వానకి నీ రథం తడుస్తుందని భయమా అని అడుగుతున్నారు డాక్టరుగారు. జ దగ్గర జబ్బు వార్డుల సంగతుంది. నేనిన్నాళ్లూ పుస్తకాల్లో వెతుకుతున్నాను, ఆయనేమో నీ కళ్లముందు కొత్త పాట కడుతున్నారు! పాత కొలత, పాత తగువు, ఇవాళ్టి మాట. ఆగిపోయేది 'ధ' తర్వాత. అంటే న చరణం రావడం లేదు. జగన్నాథుడి కొండ నీలాచలం, ఆయన రథం నందిఘోష, ఎన్ని మాటలు లేవు? మాస్టారు పది చెప్పారు. అవేవీ ఆయనకి ఎందుకు సరిపోలేదో మాకు తెలియలేదు.

నిన్న రథయాత్ర జరిగింది. పూరీ వీధి ఖాళీ. జనం లేకుండా సేవకులే లాగారు. టీవీలో చూస్తూ నీ గురించే అనుకున్నాను. ఒక్క ముక్క రాయవే.

ప్రభ


వాటర్‌ఫోర్డ్,
5 జూలై 2020

ప్రియమైన ప్రభా,

పర్లేదన్నది నాకే. నాకూ సోకింది. రెండు వారాలు పై గదిలో ఉన్నాను. టైటస్ మెట్ల మీద అన్నం పళ్లెం పెట్టి వెళ్లేవాడు. ఇప్పుడు, ఇక్కడివాళ్లు అన్నట్టు, గ్రాండ్. అంటే బాగున్నాను, కొంచెం ఆయాసం తప్ప.

నీ గొంతు వినిపించలేదే, నేనే అన్నాను. గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించాను. మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా ప్రభువుతో వాదులాడుతూనే ప్రార్థన చేసేది. లోపలికి వెళ్లి, "మౌసా, అణసర. కాళియా పిఇలేణి" అన్నాను. ఆయన నన్ను కాదు, గ్లాసును చూశారు. "పిఇలే?" అన్నారు. తాగాడా అని. తల ఊపాను. గ్లాసు ఖాళీ చేశారు. ఆ రోజు ఐదుసార్లు కాళియా తాగాడు, ఐదుసార్లు ఈయన తాగారు. నేను మంచం ఎక్కాక మిగతావాళ్లు కూడా ఆ మాట నేర్చుకున్నారట. జ్వరం తగ్గింది.

మొన్న జిల్లాలు దాటొచ్చని ఆంక్షలు ఎత్తేశారు. ఒకటో తారీకున నోరా వచ్చింది. లోపలికి ఒక్కరికే అనుమతి, మాస్కుతో, దూరంగా కుర్చీ. వానలో బండి దిగి, తలుపు దగ్గర ఆగిపోయింది. "నన్ను గుర్తుపట్టకపోతే?" అంది.

"లోపలికి రండి, చూద్దాం" అన్నాను.

ఆయన పాడుతున్నారు. త, థ, ద, ధ. ఆగారు. ఎప్పటిలాగే కిటికీ వైపు తిరగబోయి, కుర్చీలో మనిషిని చూశారు. చాలాసేపు చూశారు. నోరా మాస్కు కిందికి లాగేసింది. నేను ఆపలేదు. ఆపాల్సింది, ఆపలేదు.

"నోరా ఆసిలా" అన్నారాయన. పాటలోనే, అదే లయలో. "నోరా ఆసిలా, కాళియా."

నోరా వచ్చింది. ఆ మాట నాకే అర్థమైంది, నువ్వు చెప్పకుండానే. ఆయనకి నీలాచలాలు దొరక్క కాదు ప్రభా. రాని మనిషిని వచ్చిందని పాడలేక అక్కడ ఆగిపోయేవారు.

నోరాకి చెప్పాను. "అంటే ఇన్నాళ్లూ ఆ దేవుడితో తగువు నా గురించా?" అంది. అవునో కాదో నాకేం తెలుసు? "మీ పేరు వచ్చాకే పాట ముందుకి కదిలింది" అన్నాను. వెళ్లేముందు తండ్రి దగ్గర ఆ మూడు మాటలూ అప్పజెప్పింది. ఆయన రెండుసార్లు దిద్దారు, బడిలో పంతులు పిల్లల్ని దిద్దినట్టు. రెండోసారి దిద్దినప్పుడు నోరా పగలబడి నవ్వింది, తర్వాత ముఖం చేతుల్లో దాచుకుంది.

ఇకనుంచి వారానికి రెండుసార్లు వస్తానంది. నిన్న ఉదయం 'ప' కట్టారు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను, ఆయన ఓట్స్ జావ గిన్నె వైపు చూపించి, పైకప్పు కేసి తలెత్తి గట్టిగా అందుకున్నారు. నాకు తెలిసిన కాస్త ఒడియాలో దాని అర్థం ఇది: పొరిడ్జ్ చల్లారింది కాళియా, నీ వంటశాల వాళ్లని పంపు.

నీ
అబిగేయిల్