యాదమ్మ పరీక్ష మళ్లీ చేయాలి

శనివారం, రాత్రి

ఇవాళ హైటెక్ సిటీలో, కిడ్నీ సరిపోతుందో లేదో చూసే మా ల్యాబుల వాళ్ల శిక్షణలో, మొదటిసారి చెయ్యెత్తాను.

క్లాసు చెప్పే సార్ అన్నారు: ఒక రకం ఇంజెక్షన్ పడిన రోగి రక్తంలో ఆ మందే దాత కణాలకు అంటుకుని, సరిపోయే కిడ్నీని కూడా సరిపోదని చూపిస్తుందట. కిడ్నీ కోసం ఎదురుచూస్తున్న మా రోగి యాదమ్మ గుర్తొచ్చింది. గురువారం రక్తం తీస్తుంటే, "మొన్న పెద్ద సూదేసిండ్రు బిడ్డా, ఒకటే సలి" అంది. ఏ మందో అడగడానికి మొహమాటపడ్డాను. ఆమె భర్త కిడ్నీ సరిపోదని రాసింది నేనే.

"మళ్లీ ఎలా చేయాలి సార్?" అని అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు.

విరామంలో మా సీనియర్ సునీతక్కకు ఫోన్ చేశాను. ఆమె దవాఖానలో కనుక్కుంది. అదే మందు!

"క్లాసుల నువ్వు మాట్లాడినవా? ఏందే ఈ విచిత్రం! సోమారం యాదమ్మ పెనిమిటిని మళ్ల రక్తమియ్య రమ్మంట. జర ఆగు, వాళ్లకు ఆశ పెట్టకు."

వాళ్లకు పెట్టను. నేను మాత్రం అప్పుడే పెట్టేసుకున్నాను...