మెట్ల కింది గదిలో మా క్యాబేజీ పీపా

నీష్, నవంబరు 21, గురువారం

విద్యార్థినుల వసతిగృహం డైరెక్టరు గారి సముఖమునకు, రెండవ అంతస్తు నివాసి, గణితశాస్త్ర విద్యార్థిని నెవెనా త్సాకిచ్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: స్వాధీనపరచుకున్న పీపాలోనికి గాలి ఊదుటకు తక్షణ అనుమతి కోరుట గురించి.

1. సోమవారం తనిఖీలో మా బాల్కనీలోని నీలం పీపాను ‘వాసన వచ్చు అనధికార వస్తువు’గా నమోదు చేసి, మెట్ల కింది సామాను గదిలో ఉంచి తాళం వేశారు. అయ్యా, అది మా గదిలోని నలుగురికి చలికాలపు కూర. మా ఊరి క్యాబేజీ, ఉప్పు, నీళ్లు తప్ప అందులో మరేమీ లేవు.

2. అదే రోజు భోజనశాలలో ‘ఆరోగ్యకరమైన, ప్రకృతికి మేలుచేసే ఆహార వారం’ అని పోస్టరు అంటించారు. ఊరబెట్టిన క్యాబేజీ పేగులకు మంచిదని అందులో బొమ్మతో సహా ఉన్నది. దాని కింద మాకు వడ్డించినది తెల్ల రొట్టె, వేయించిన సాసేజి. నిరుడు చలికాలమంతా అవీ, పొడి సూపూ తిని, పరీక్ష హాలులో కళ్లు తిరిగి పడిపోయాను. రక్తం తక్కువగా ఉన్నదన్నారు. మా ఇంట్లో యూనివర్సిటీకి వచ్చిన మొదటిదాన్ని నేనే. మళ్లీ పడ్డానని తెలిస్తే మా అమ్మ తొలి బస్సుకు వచ్చి నన్ను తీసుకుపోతుంది. ఈ పీపా పంపింది కూడా ఆమే.

3. క్యాబేజీ ఊరే తొలి వారాలలో రెండు రోజులకొకసారి, పీపా అడుగుదాకా దించిన గొట్టంలోనికి నోటితో గాలి ఊది ఉప్పునీటిని కదిలించాలి. లేకుంటే జిగురు పట్టి కుళ్లిపోతుంది. సోమవారం నుండి ఎవరూ ఊదలేదు.

4. తాళపుచెవి గల ఆయా బోసిల్కాను బతిమాలుకున్నాను.

“అత్తా, అయిదు నిమిషాలు. ఊదేసి వచ్చేస్తా.”

“సంతకం లేకుండా తలుపు తీస్తే మీ డైరెక్టరు నన్నూ అందులోనే ఊరేస్తాడే పిల్లా!”

“మరి సంతకం ఎప్పుడొస్తుంది?”

“కమిటీ వచ్చే నెల కూర్చుంటుందట. మా ఇంట్లో అయితే పొద్దున్నే మా ఆయన ఊదాడు. పాపం, నీదాని గతేమిటో!”

5. ఈ నెలలో ఈ ఊళ్లో పీపా లేని బాల్కనీ లేదు. తమ బాల్కనీ సంగతి నేను అడగను.

6. కమిటీ ఏమి తేల్చినా కట్టుబడతాను. తేలేదాకా క్యాబేజీ చెడకుండా ఉండాలి, అంతే. తమ సిబ్బంది ఎదుటే ఊదుతాను.

కావున ఉప్పునీరు మురిగేలోపు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నెవెనా త్సాకిచ్

తా.క.: అర్జీ ఇవ్వబోతే తమరు ఆహార వారం సదస్సుకు వెళ్లారని, సోమవారం గాని రారని చెప్పారు. పెరటి వైపు ఆ సామాను గది కిటికీ చువ్వల్లోంచి వేలాడుతున్న గొట్టం మాదే. నేనూ, నా గదిలో ఉండే తియానా చీపురు కర్రకు తీగ కట్టి దాని పై కొసను బయటికి లాగాం. ఊదితే లోపల గుడగుడమంది. నాకు ఏడుపొచ్చింది. దొంగతనమని రాసుకోండి, సంతకం పెడతాను. గొట్టం మాత్రం పీకించకండి. శనివారం మళ్లీ ఊదాలి.