షెల్టర్ గదిలో ఉయ్యాల

నేను, తాళ్లూరి శ్రీనాథ్ భార్య అరుంధతిని, సింగపూర్ సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. వచ్చే వారం నా గుండెకు ఆపరేషన్. "చిన్నదే" అంటాడు డాక్టరు. గుండె ఆయనది కాదు కనక అంటాడు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. అలాంటివేమీ లేవు, అయినా ఈ మాట ఉండాలట.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో నా పక్క సీటు కేశవరావుగారిది. ఆయన సి భాషలో ప్రోగ్రాములు రాస్తారు. వాడుకున్న మెమరీని తన చేత్తో తిరిగి అప్పజెప్పేదాకా మంచినీళ్లు ముట్టరు. నేను రాసేది పైథాన్‌లో, అది తన చెత్త తనే ఊడ్చుకుంటుంది. "పనిమనిషిని పెట్టుకున్న ప్రోగ్రామరమ్మా నువ్వు!" అని నలుగురిలో నవ్వారు. నేను మర్చిపోలేదు. అందుకే నా బీరువా సర్దే పని ఆయనకే అప్పగిస్తున్నాను.

2. నా పట్టుచీరలు మా ఆడపడుచు ప్రసన్నలక్ష్మికి. ఆకుపచ్చది కూడా. దాని మీద కూర మరక చేసి, "ముందే ఉంది వదినా" అంది. ఇక ఆ మరకా ఆమెదే.

3. ఇక్కడి కొత్త ఫ్లాట్లన్నిటికీ కట్టే బాంబు షెల్టర్ గదిలో, అంటే మా సామాన్ల గదిలో, బియ్యం బస్తా వెనక, టేకు ఉయ్యాల ఉంది. పిల్లల కోసం ఆశపడ్డ రోజుల్లో కొన్నాం. పిల్లలు కలగలేదు. ఆ దుఃఖం నాకు తీరింది, ఉయ్యాల మిగిలింది. మొన్న దీపావళికి ఇల్లు దులుపుతూ దాన్ని గుమ్మం దాకా లాగాను. "ఉండనీవోయ్, నీకు కావాలిగా" అని శ్రీనాథ్ మళ్లీ లోపల పెట్టాడు. తనకే కావాలేమోనని ఊరుకున్నాను.

ఆ దీపావళి రోజుల్లోనే పైథాన్ కొత్త వెర్షన్ వచ్చింది. ఈ భాషలో మెమరీలో చోటు తీసుకున్న ప్రతి వస్తువుకూ తనను ఎందరు పట్టుకుని ఉన్నారో లెక్క ఉంటుంది. తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసినట్టే, అంటే ఆపుకున్నట్టే, ప్యాకెట్ ఉన్నంతసేపూ బల్ల మనదే. లెక్క సున్నా అయితే వస్తువు పోతుంది, ఆ చోటు ఇంకొకరికి దక్కుతుంది. చిక్కల్లా రెండు వస్తువులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నప్పుడే. బయట వాటిని అడిగేవాళ్లుండరు, లెక్క మాత్రం సున్నా కాదు. కొత్త వెర్షన్ అలాంటి వాటిని వెతికి, అవి ఒకదాన్నొకటి పట్టుకున్న లెక్క తీసేస్తే, వాటిని పట్టుకున్నవాళ్లు ఇంకెవరైనా మిగిలారా అని చూస్తుంది. ఎవరూ లేకపోతే ఊడ్చేస్తుంది.

చదువుతుంటే ఉయ్యాల గుర్తొచ్చింది. నేను తనకోసం, తను నాకోసం ఉంచుతున్నామా? అదే నిజమైతే దాన్ని కావాలనుకుంటున్నది ఎవరు? అడగడానికి నోరు రాలేదు. తనకు ఇంకా ఆశ ఉంటే, నా ఒక్క "వద్దు"తో అది తెగిపోతుంది.

కాబట్టి నా తర్వాత ఉయ్యాల జురాంగ్ వెస్ట్‌లో ఉండే మా ఆఫీసు కీర్తికకు చెందాలి. ఆమెకు నెలలు నిండుతున్నాయి. శ్రీనాథ్‌కు నిజంగా కావాలంటే ఉంచుకోవచ్చు. నాకోసమైతే మాత్రం వద్దు.

4. ఫ్లాటూ మిగిలినదంతా శ్రీనాథ్‌కు. ఊరగాయ జాడీలు కూడా. వాటిలో తడి గరిటె పెట్టరాదు.

సంతకానికి ముందు చేర్చినది: మూడో నిబంధన కొట్టివేశాను. చిత్తుప్రతిని ప్రింటర్ మీద వదిలేశాను, కావాలనో మరిచిపోయో నాకే తెలీదు. శ్రీనాథ్ చదివాడు. "నీకోసమే కదే ఉంచింది! నాకెప్పుడో పోయింది ఆ ధ్యాస" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత షెల్టర్ గదిలో కూర్చుని ఏడ్చాం. ఈ పొద్దున ఉయ్యాల టాక్సీ డిక్కీలో పట్టకపోతే, మూత తాడుతో కట్టించి, తనే వెళ్లి కీర్తికకు ఇచ్చొచ్చాడు. కనక అది ఇప్పుడు నా ఆస్తి కాదు.

అది ఉన్న చోట నేల తెల్లగా కనబడుతోంది. అక్కడ ఏం పెట్టాలో ఆస్పత్రి నుంచి వచ్చాక ఇద్దరం చూసుకుంటాం.

2000 నవంబరు 12, ఆదివారం
సింగపూర్

(సంతకం) తాళ్లూరి అరుంధతి

మా ఇద్దరి ఎదుట ఆమె చదివి, చేర్పుతో సహా సంతకం చేసింది:
సాక్షి: గంగాధర్, పక్క ఫ్లాట్
సాక్షి: అరుణశ్రీ, గంగాధర్ భార్య