కాపలావాడి గొంతు

జూన్ 3, మంగళవారం

గండికోట మీద వీడియో గేమ్ వస్తోందట. దానికి వెబ్‌సైట్ చేసే పని బామ్మర్ది సుధాకర్‌కు దొరికింది. తెర మీద పెన్నా నది కదులుతోంది, రాళ్ల మీద ఎండ పాకుతోంది. కోట వాకిట్లో మీసాల కాపలావాడు. వాణ్ణి నొక్కితే మాట్లాడాలి. ఆ గొంతు నాది కావాలట.

"నీ గొంతు తప్ప ఇంకోటి పనికిరాదు బావా."

పాతికేళ్లుగా ఆటోలో మైకు పట్టుకుని, షాపుల ప్రచారాలు జమ్మలమడుగంతా అరిచి బతుకుతున్నాను. ఒక్కరోజూ మెచ్చుకోనివాడు ఇవాళ మెచ్చుకున్నాడు... ఏదో ఉంది.

జూన్ 5

రికార్డింగ్. "ఎవురప్పా నువ్వు? యాడికి పోతాండావు? వాకిలి ఈడ ఉండాది." మూడే ముక్కలు. అయిపోయిందని లేస్తుంటే నలభై పేజీలు చేతిలో పెట్టాడు. రైలు ఆలస్యం, టమాటా ధర, పిల్లల టీకాలు—

"కోట కాపలావానికి టీకాలెందుకప్పా?"

"మైక్ టెస్టింగు బావా."

మైక్ టెస్టింగుకు 'హలో, హలో' చాలదా? నాకే నేర్పుతున్నాడు.

జూన్ 6

మిగతా పేజీలు. నడుమ కావాలనే "సుధాకర్‌కు బట్టతల వస్తాండాది" అని చదివాను. వాడు తల కూడా తడుముకోలేదు. అంటే వాడికి నా మాటలు అక్కర్లేదు. మరి ఏం కావాలి?

జూన్ 9

నేను గుమ్మం ఎక్కగానే సుధాకర్ ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

జూన్ 13, శుక్రవారం

వెబ్‌సైట్ చూపించాడు. వేలు పెడితే తలుపులు తెరుచుకుంటున్నాయి, గద్ద రెక్కలు విప్పి లోయలోకి దూకుతోంది. బాగుంది, అబద్ధమెందుకు. కాపలావాణ్ణి నొక్కాను.

"స్వాగతం. ద్వారం ఇక్కడ ఉంది."

నా గొంతే. గరగర కూడా నాదే. కానీ పుట్టి బుద్ధెరిగాక నేను 'ఇక్కడ ఉంది' అనలేదు. పెళ్లిచూపుల్లో కూడా అనలేదు.

"నేనెప్పుడన్నానప్పా ఈ మాట?"

"అన్నావు బావా, మర్చిపోయినావు."

జూన్ 14

మనిషి గొంతు కాస్త వినిపిస్తే చాలట, కంప్యూటర్ ఆ గొంతుతో ఏ మాటైనా పలుకుతుందట. సెల్ షాపులో చెప్పారు. నలభై పేజీలు... నోరు నొప్పెట్టేదాకా చదివి నేనే అప్పజెప్పి వచ్చానా?

నా భార్య లక్ష్మీదేవితో చెప్పాను. తమ్ముణ్ణి అంటే ఊరుకుంటుందా?

"సర్పంచి గొంతుతో ఫోన్ చేసి, నీళ్ల ట్యాంకరు వచ్చిందని వీధి వీధినీ బిందెలతో ఉరికించినోనివి నువ్వే గదయ్యా. ఇప్పుడు నీ గొంతు ఎవురో ఎత్తుకపోయినారంటే నమ్మల్నా?"

పొట్ట పట్టుకుని నవ్వింది. నా వేషాలే నాకు అడ్డం.

జూన్ 20

బట్టల షాపు సేటు ఏటా ఈపాటికి ఆషాఢం ప్రచారానికి పిలిచేవాడు. నేనే వెళ్లాను. "ఈసారి వద్దులే అప్పా" అన్నాడు, మొహం చూడకుండా. షాపులోంచి సుధాకర్ బయటికి వస్తున్నాడు. బిల్లు కట్టడానికట. చేతిలో సంచీ లేదు.

జూన్ 24, మంగళవారం

పొద్దున వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. సందు చివర ఆటో. "రండమ్మా రండి, ఆషాఢం చీరలు—" నా గొంతే, దగ్గు లేదు, అలుపు లేదు. ఆటోలో డ్రైవర్ ఒక్కడే.

లోపలి నుంచి లక్ష్మీదేవి అరిచింది: "ఏమయ్యా, టిఫిన్ తినకుండానే పనికి పోయినావా?"

ఆటో మలుపు తిరిగింది. నోట్లో నురగ. నేను ఈడనే ఉండానని పలకలేదు...