నడుము కోసం నలభై రోజులు

ఫిబ్రవరి 18, బుధవారం

ఈ రోజు నుంచి శ్రమకాలం. ఈస్టర్ దాకా ఉపవాసం! పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఆరు దాకా మంచినీళ్లు, పాలు లేని కాఫీ తప్ప ఏదీ ముట్టను. ఆఫీసు వాళ్లు చేయించిన పరీక్షల్లో నా షుగర్ సరిగ్గా గీత మీద ఉందన్నారు. పాస్టరు గారేమో ఉపవాసం ఆత్మకు మంచిదన్నారు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. పైగా శాంతం వస్తుంది, టీమ్ మీద అరవడం తగ్గుతుంది.

ఉపవాసం గుట్టుగా చేయాలని కూడా పాస్టరు గారు చెప్పారు. నిజమే.

ఆఫీసు బస్సులో కూర్చోగానే వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను: ‘నలభై రోజుల ఉపవాసంలో ఉన్నాను. నా కోసం ప్రార్థించండి. కారణం దేవుడికి తెలుసు.’ దేవుడికీ, నా బెల్టుకీ తెలుసు. గచ్చిబౌలి చేరేలోపే బోలెడన్ని దండం బొమ్మలు!

సాయంత్రం అమ్మ అడిగింది. పోయిన వారమే నరసరావుపేట నుంచి మా దగ్గరికి వచ్చింది.

“ఏరా అబ్బాయ్, ఒంట్లో బాగానే ఉందా?”

“బ్రహ్మాండంగా ఉందమ్మా!”

నిజంగానే ఉంది. మనిషి ఇన్నాళ్లూ అనవసరంగా తింటున్నాడు.

ఫిబ్రవరి 19, గురువారం

మీటింగులో లోహిత్ ఏదో అడిగాడు. మా టీమ్ కుర్రాడే, జగిత్యాల వాడు. ఆకలిలో ప్రశ్న సగమే వినబడింది. అరుపు మాత్రం పూర్తిగా అరిచాను.

“ఏందన్నా, గింత దానికే గంత గుస్సా? జర ఏమన్న తిను.”

“నేను శాంతం కోసం ఉపవాసం ఉన్నానయ్యా!” అని ఇంకా గట్టిగా అరిచాను.

ఫ్లోర్ అంతా ఇటు తిరిగి చూసింది. మంచిదే. తెలియని వాళ్లకు కూడా తెలిసింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నాలుగింటికి కడుపులో మంట. టీ తాగాను. పాలతోనే. టీ తిండి కాదు కదా. రెండు ఉస్మానియా బిస్కట్లు కూడా. టీలో ముంచాక అవీ తాగేవాటి కిందికే వస్తాయి.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ స్టెల్లా ఉల్లిపాయలు వేయిస్తోంది.

“ఉపవాసం ఉన్న మనిషి ఇంట్లో ఈ వాసనలేంటి?” అని విసుక్కున్నాను.

స్టెల్లా నర్సు. రోజంతా పేషెంట్ల విసుగు భరించి వచ్చింది. “మీ ఉపవాసం మీరు ఉండండి. దాన్ని మేం మొయ్యలేం,” అని గరిటె పక్కన పెట్టేసింది.

అమ్మ లేచి వెళ్లి ఆ గరిటె అందుకుంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

శుభవార్త! ఆదివారాలు శ్రమకాలం లెక్కలోకి రావట! చర్చి నుంచి నేరుగా కొత్తగూడ. బిరియానీ, ఫ్యామిలీ ప్యాక్. అమ్మ “నాకు అరగట్లేదురా” అని నాలుగు మెతుకులతో సరిపెట్టింది. స్టెల్లా ఇంకా అలిగే ఉంది. అన్నం పారేయడం పాపం కాబట్టి బాధ్యత నేనే తీసుకున్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

రంజాన్ నెల కూడా కదా, దారి పొడుగునా హలీం బట్టీలు. ఎంతసేపని కళ్లు మూసుకుని నడుస్తాం? ఒక ప్లేటు తిన్నాను. ఇక్కడ ఇంకా ఆరు కాలేదు. కానీ మా క్లయింటు ఉన్న సింగపూర్‌లో ఆరు దాటి చాలాసేపయింది.

ఇంటికి వెళ్లి మూతి కడుక్కుని, ప్రార్థన చేసి, మళ్లీ భోంచేశాను. కొత్త స్టేటస్: ‘దేవుడే నడిపిస్తున్నాడు.’

ఫిబ్రవరి 24, మంగళవారం

ఆఫీసులో ఉండగా పక్క ఫ్లాటు వసంత గారి ఫోన్. “అన్నా, జల్ది రా. మీ అమ్మ వంటింట్ల పడ్డది. ఒళ్లంత చెమటలు, మాట సక్కగ వస్తలేదు!”

వెంటనే స్టెల్లాకు చేశాను. “తెలివిలో ఉంటే చక్కెర నీళ్లు తాగించమనండి. మా హాస్పిటల్‌కి తీసుకురమ్మనండి. నేను అక్కడే ఉంటా,” అంది. అదే వసంత గారికి చెప్పి బైక్ టాక్సీ ఎక్కాను. కొండాపూర్‌లో స్టెల్లా హాస్పిటల్ దాకా ప్రార్థన చేద్దామనుకుంటే ‘అమ్మా’ అన్న మాట తప్ప ఇంకేదీ రాలేదు.

నేను వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. గండం గడిచింది. అమ్మకు ఎప్పటి నుంచో షుగర్. మాత్ర వేసుకుని తిండి తినకపోవడంతో అది బాగా పడిపోయింది. బుధవారం నుంచీ అంతేనట. మేమిద్దరం డ్యూటీలకు వెళ్లగానే తన అన్నం తీసుకెళ్లి వాచ్‌మన్ మొగిలికి పెట్టేస్తోంది. రాత్రి మా ముందు నాలుగు ముద్దలు తినేది.

“ఎందుకమ్మా ఇదంతా?”

“కారణం దేవుడికి తెలుసని ఫోన్‌లో పెట్టావు కదరా. ఉద్యోగం పోయిందో, పెద్ద జబ్బే వచ్చిందో, నాకు చెప్పలేక దేవుడికి చెప్పుకుంటున్నావనుకున్నా. బిడ్డ కడుపు మాడ్చుకుంటుంటే నాకు ముద్ద ఎట్టా దిగుద్ది? ఆ కష్టమేదో నాకిచ్చెయ్యమని అడిగా.”

నిన్న సాయంత్రం అమ్మ ఖాళీ కడుపుతో నా కోసం ప్రార్థిస్తుంటే, నేను హలీంలో నిమ్మకాయ పిండుకుంటున్నాను.

స్టెల్లా నా వైపే చూస్తోంది. చెప్పక తప్పలేదు.

“జబ్బూ లేదు, ఏమీ లేదమ్మా. నడుము తగ్గుతుందని.”

“నడుమా?”

కాసేపు నన్ను పైకీ కిందికీ చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. సెలైన్ గొట్టం ఊగేంత నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇడ్లీ తెచ్చారు. “నువ్వు తింటేనే నేను తింటా,” అంది. మిట్టమధ్యాహ్నం, అందరి ముందూ తిన్నాను. స్టేటస్ తీసేశాను.

ఫిబ్రవరి 26, గురువారం

అమ్మ ఇంటికొచ్చింది. ఇక నుంచి ఆమె తినేటప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలని స్టెల్లా ఆర్డర్. ఉల్లిపాయల సంగతికి కూడా క్షమాపణ చెప్పాను. “వాసన బాగుందని చెప్పండి, చాలు,” అంది.

లోహిత్ ఫోన్ చేశాడు. “అమ్మ ఎట్లున్నదన్నా? ఆఫీసు ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట.” మొన్న అరిచినందుకు సారీ అన్నాను. “ఆకలి మీద అన్నవ్, ఇడిసిపెట్టు,” అన్నాడు.

మార్చి 2, సోమవారం

కొత్త ఉపవాసం! ముగ్గురం కూర్చుని తీర్మానించాం. మూడు పూటలా తిండి ఉంటుంది. ఈస్టర్ దాకా మాంసం మాత్రం బంద్. కోడి, మేక, ఏదీ గుమ్మం దాటి రాదు. బయట ఎవరికీ చెప్పేది లేదు. ఈసారి మాటంటే మాటే!

మధ్యాహ్నం. ఇంటి నుంచే పని. అమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. వేడన్నం, కొరమీను పులుసు.

“అమ్మా! మాంసం మానేశాం కదా?”

“చేపని మాంసం కింద లెక్కెయ్యరంట. పాస్టరు గారికి ఫోన్ చేసి కనుక్కున్నా. ముళ్లు చూసుకుని తిను.”

ఆయన నిజంగా అంతే అన్నారో, అమ్మ అంతవరకే విని ఫోన్ పెట్టేసిందో అడగలేదు. రెండోసారి వేయించుకున్నాను. అమ్మ కూడా నా పక్కనే కూర్చుని కడుపునిండా తింది.

కొత్త ఉపవాసంలో మొదటి రోజు దివ్యంగా గడిచింది.